మొహమాటపు రూపాయి

మార్కాపురంలో ఒక సూపర్ మార్కెట్టు. శనివారం సాయంత్రం. బిల్లు కౌంటరు ముందు ఎనిమిది మందిమి వరసలో ఉన్నాం. నా ముందు ఒక పెద్దావిడ. తర్లుపాడు ఆటోలు ఎక్కడ ఆగుతాయని అంతకు ముందే ఎవరినో అడిగింది. కందిపప్పు కిలో, బొంబాయి రవ్వ, కొబ్బరినూనె సీసా, మనవడికో మనవరాలికో రెండు బిస్కెట్ పొట్లాలు. బిల్లు 387 అయింది. ఆమె మడతలు విప్పి రెండు రెండొందల నోట్లు బల్ల మీద పెట్టింది. కౌంటర్లో కుర్రాడు కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే, "అనాథ పిల్లలకి పదమూడు రూపాయలు కలిపి రౌండ్ చేసెయ్యమంటారా పెద్దమ్మా?" అన్నాడు.

ఆమె ఒకసారి వెనక్కి తిరిగి మా వరసను చూసింది. "చెయ్యి నాయనా" అంది.

నేను బయటికి వచ్చేసరికి మెట్ల పక్కన నిలబడి కొంగుముడి విప్పి చిల్లర లెక్క పెట్టుకుంటోంది. ఆ పదమూడు రూపాయలు ఆటోకి ఉంచుకున్నవో కాదో నాకు తెలియదు. అడగబుద్ధి కాలేదు.

ఆ డబ్బు నిజంగానే ఏదో ఆశ్రమానికి చేరి ఉండొచ్చు. చేరితే ఒక పిల్లాడికి ఒక పూట పాలు. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ ఆవిడ చేత ఆ డబ్బు ఇప్పించింది దయ కాదు, మొహమాటం. మొహమాటం అంటే మనందరికీ తెలిసిందే. పెళ్లిలో మూడోసారి వడ్డించిన పులిహోర తినేది దాంతోనే, చుట్టం అడిగిన అప్పుకు హామీ సంతకం పెట్టేది దాంతోనే. కౌంటరు దగ్గర విరాళం అడిగే ప్రతి వ్యాపారీ, తెలిసో తెలియకో, ఆ మొహమాటం మీద చెయ్యి వేస్తున్నాడు. ఈ అధ్యాయం ఆ చెయ్యి ఎక్కడ వెయ్యాలి, ఎక్కడ వెయ్యకూడదు అన్న సంగతి గురించి. అంగడి యజమాని చదవాలి, కౌంటర్లో కూర్చునే పిల్లలు చదవాలి, సంచి పట్టుకుని వరసలో నిలబడే మనం కూడా చదవాలి.

*చలివేంద్రం దగ్గర ఎవరూ అడగరు*

ముందు ఒక మాట ఒప్పుకుందాం. మన మార్కాపురం వైపు ఇచ్చే గుణానికి కరువు లేదు. వానకు ఉంది, సాగునీటికి ఉంది, కొన్ని ఊళ్లలో ఫ్లోరైడ్ లేని గుక్కెడు నీళ్లకు కూడా ఉంది. ఇచ్చే చేతికి లేదు. ఏప్రిల్ ముదిరిందంటే మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా అంగళ్ల ముందు తాటాకు పందిళ్లు లేస్తాయి. తడిగుడ్డ చుట్టిన కుండలు, గొలుసుతో కట్టిన గ్లాసు, మధ్యాహ్నానికి మజ్జిగ. మహాశివరాత్రికి దోర్నాల మీదుగా శ్రీశైలం నడిచి వెళ్లేవాళ్లకు దారి పొడుగునా అన్నం పెట్టేవాళ్లు ఉంటారు. శనివారం నల్లమలలో నెమలిగుండ్ల రంగనాయకస్వామి దగ్గరికి వెళ్లి చూడండి, ఆకలితో తిరిగి వచ్చేవాడు కనపడడు.

ఇక్కడ ఎవరూ ఎవరినీ నిలబెట్టి అడగలేదు. ఎండలో వచ్చినవాడు నీళ్లు తాగాడు, వెళ్లాడు. పెట్టినవాడు పెట్టాడు. ఇద్దరి మధ్యా బిల్లు లేదు, వరస లేదు, వెనక నుంచి చూసే కళ్లు లేవు. కంభం చెరువు ఇంకా పెద్ద ఉదాహరణ. గుండ్లకమ్మకు అడ్డంగా కొండల మధ్య కట్టిన ఆ కట్ట రాణి వరదరాజమ్మ కట్టించిందని ఆ ప్రాంతం నమ్మకం. విజయనగర రాజుల కాలం నాటి ఆ చెరువును 2020లో అంతర్జాతీయ సాగునీటి, మురుగునీటి పారుదల సంఘం వారసత్వ కట్టడంగా గుర్తించింది. ఐదు వందల ఏళ్ల తర్వాత కూడా ఎవరు కట్టించారు, ఎందుకు కట్టించారు అని అడిగితే కంభంలో పిల్లలు చెబుతారు. మనం కౌంటర్లో ఇచ్చిన పదమూడు రూపాయలు ఎక్కడికి వెళ్లాయో ఐదు రోజుల తర్వాత ఎవరూ చెప్పలేరు. తేడా అక్కడుంది.

అయితే అడగడమే తప్పా? కాదు. అడగనిదే అమ్మైనా పెట్టదు. వ్యాపారంలో ధర్మం కలిపి అడగడం మన దేశంలో కొత్తదీ కాదు. పాత వర్తకుల చిట్టాల్లో సరుకు ఖరీదు, కూలి, కమీషను, ఆ కింద ధర్మాదాయం అని ఒక వరస ఉండేది. మూటకింత, బేలుకింత అని తీసి పక్కన పెట్టి సత్రాలకూ బడులకూ గోశాలలకూ ఇచ్చేవాళ్లు. మన దేవాదాయ ధర్మాదాయ శాఖ పేరులో ఆ మాట ఇవాళ్టికీ బతికే ఉంది. తమిళనాడులో విరుదునగరం నాడార్ వర్తకులు దాన్ని మహిమై అన్నారు. అమ్మిన సరుకు మీద వర్తకులు తీసిన ఆ సొమ్ముతోనూ, ఇల్లాళ్లు రోజూ తీసి దాచిన పిడికెడు బియ్యంతోనూ తమ పిల్లలకు బడి నడుపుకున్నారు. 1889లో మొదలైన ఆ క్షత్రియ విద్యాశాలలోనే తర్వాత తమిళ నాయకుడు కామరాజ్ చదువుకున్నాడు. అక్కడ ఇచ్చినవాడికి బడి ఏ వీధిలో ఉందో తెలుసు, లెక్క ఎవరి దగ్గర ఉందో తెలుసు, తన పిల్లాడు ఏ తరగతిలో ఉన్నాడో కూడా తెలుసు.

ఈ ధర్మాదాయం మీద ఒకసారి సుప్రీంకోర్టు దాకా గొడవ వెళ్లింది. ఉత్తరప్రదేశ్‌లో హాత్రస్‌లోని బిజిలీ కాటన్ మిల్స్ తన కొనుగోలుదారుల దగ్గర బిల్లులో విడిగా రాసి ధర్మాదా వసూలు చేసేది. అది కూడా మీ ఆదాయమే, పన్ను కట్టండి అంది ఆదాయపు పన్ను శాఖ. 1970ల చివర్లో వచ్చిన తీర్పు మిల్లు పక్షాన నిలిచింది. ధర్మానికని చెప్పి తీసుకున్న సొమ్ము మొదటి నుంచీ ధర్మానిదే, వ్యాపారి దాన్ని చేర్చే మనిషి మాత్రమే అన్నది అందులోని సారం. చిన్న అంగడివాళ్లు కూడా ఈ సారాన్ని గుండెకు పట్టించుకోవాలి. ఆ డబ్బు ఒక్క నిమిషం కూడా మీది కాదు. గల్లాపెట్టెలో కలిపేశారంటే, సాయంత్రం పాలవాడికి అందులోంచే తీసి ఇచ్చారంటే, అప్పుడే దారి తప్పినట్టు.

*నోరు తెరిచి అడిగితే ఏమవుతుంది*

అమెరికాలో క్రిస్మస్ రోజుల్లో సాల్వేషన్ ఆర్మీ వాళ్లు అంగళ్ల తలుపుల దగ్గర గంట వాయిస్తూ విరాళాలు పోగుచేస్తారు. జేమ్స్ ఆండ్రియోని అనే ఆర్థికశాస్త్రవేత్త, ఇద్దరు సహచరులతో కలిసి, బోస్టన్ దగ్గర ఒక సూపర్ మార్కెట్టులో దీన్ని పరీక్షగా మార్చాడు. ఆ అంగడికి రెండు తలుపులు. కొన్నిసార్లు ఒక తలుపు దగ్గరే గంట మనిషిని నిలబెట్టారు, కొన్నిసార్లు రెండింటి దగ్గరా. కొన్నిసార్లు ఆ మనిషి ఊరికే గంట వాయించాడు, కొన్నిసార్లు కళ్లలోకి చూసి "దయచేసి ఇవ్వండి" అన్నాడు. 2017లో ప్రచురించిన ఫలితం ఇది: నోరు తెరిచి అడిగినప్పుడు ఇచ్చేవాళ్లు బాగా పెరిగారు. అదే సమయంలో, రావాల్సిన జనంలో దాదాపు మూడోవంతు మంది ఆ తలుపును తప్పించుకుని వేరే తలుపు నుంచి వెళ్లారు.

ఈ రెండో సగం మార్కాపురం వ్యాపారి రెండుసార్లు చదవాలి. అక్కడ రెండో తలుపు అదే అంగడిది. ఇక్కడ రెండో తలుపు ఎదురు వీధిలో ఉన్న ఇంకో అంగడిది. మన ఊళ్లలో మనిషి కోపం వస్తే నోటితో చెప్పడు, అంగడి మారుస్తాడు. విరాళాల పెట్టెలో పడిన పదిరూపాయల బిళ్లలు మీరు లెక్కపెట్టగలరు. రాకుండా పోయిన మనిషిని లెక్కపెట్టలేరు.

అందుకని అడగడం మానెయ్యమని కాదు. తప్పించుకోవాల్సిన అవసరం లేనట్టు అడగమని. అది ఒక విద్య, దానికి మాటలు ఉన్నాయి.

"కలిపేశానండి" అనకండి. బిల్లులో ముందే వేసేసి, వద్దంటే తీసేస్తాననడం అడగడం కాదు. ఎమ్మార్పీ మీద పైసా ఎక్కువ తీసుకోకూడదన్న నియమం మీకు తెలుసు. ఒప్పుకోలు లేని విరాళం కొనేవాడి కంటికి ఆ ఎక్కువ పైసాలాగే కనపడుతుంది. "అందరూ ఇస్తున్నారు" అనకండి. "పది రూపాయలే కదండీ" అసలే అనకండి. ఆ పది ఎవరికి ఎంతో మీకేం తెలుసు? "పిల్లలు ఆకలితో ఉన్నారు, మీ ఇష్టం" అనడం మరీ ఘోరం. ఆ "మీ ఇష్టం"లో ఇష్టం లేదు, కొరడా ఉంది.

మరి ఎలా అనాలి? "ఆసుపత్రి దగ్గర అన్నదానానికి పెట్టె పెట్టామండి, వెయ్యాలనుంటే అక్కడుంది." ఇంతే. ఒక్కసారి చెప్పాలి. చెప్పేటప్పుడు మీ చూపు కొనేవాడి ముఖం మీద కాదు, పెట్టె మీద ఉండాలి. ఇది చిన్న కిటుకు, కానీ పనిచేస్తుంది. చూపు తిప్పుకుంటే ఎదుటివాడికి వద్దనే చోటు దొరుకుతుంది. వాళ్లు తల అడ్డంగా ఊపినా, వినపడనట్టు ఉన్నా, "సరేనండి, ఇదిగోండి మీ చిల్లర" అని మొదటి మాట ఎంత నవ్వుతూ అన్నారో అంతే నవ్వుతో చిల్లర చేతిలో పెట్టండి. చిల్లర ముందు చేతికి ఇచ్చి, పెట్టె సంగతి తర్వాత చెప్పడం ఇంకా మంచిది. చిల్లర మీ చేతిలో ఉండగా అడిగితే మనిషి డబ్బు మీ దగ్గర తాకట్టులో ఉన్నట్టే.

చిల్లర అంటే గుర్తొచ్చింది. రూపాయి బిళ్ల లేదని చాక్లెట్ చేతిలో పెట్టే అలవాటు మన అంగళ్లలో ఎన్నేళ్లు నడిచిందో మీకు తెలుసు. యూపీఐ వచ్చాక అది సగం చచ్చింది. కౌంటరు మీది యూపీఐ స్పీకరు "మూడొందల ఎనభై ఏడు రూపాయలు అందాయి" అని రూపాయితో సహా అరుస్తోంది. ఇప్పుడు కొన్ని చోట్ల ఆ చాక్లెట్ స్థానంలో ధర్మం వచ్చింది. "చిల్లర లేదు, హుండీలో వేసెయ్యమంటారా?" ఇది నాకు చాక్లెట్ కంటే చేదుగా ఉంటుంది. చాక్లెట్ కనీసం పిల్లాడికి ఇవ్వొచ్చు.

ఇంకొక మాట యజమానులకు. కౌంటర్లో కూర్చున్న అమ్మాయికి రోజుకు ఇంత వసూలు చెయ్యాలని లెక్క పెట్టకండి. గిద్దలూరులో ఒక బట్టల షాపులో, కౌంటరు వెనక గోడ మీద, ఎవరు ఎంత విరాళం "తెచ్చారో" పేర్లతో అంటించిన కాగితం చూశాను. అట్టడుగున ఉన్న అమ్మాయి ఆ రోజు నన్ను ఎలా అడిగిందంటే, ఇవ్వకపోతే ఆమెకు మాట పడుతుందని అర్థమై ఇచ్చాను. ఆ డబ్బు ఆశ్రమానికి ఇచ్చానో, ఆ పిల్లను తిట్ల నుంచి కాపాడటానికి ఇచ్చానో ఇప్పటికీ తేలలేదు. పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఇదే.

*ఎవరిని అడగకూడదు*

ఇది ఈ అధ్యాయంలో నేను ఎక్కువసేపు ఆగే చోటు. ఎందుకంటే ఎలా అడగాలో నేర్పే పుస్తకాలు బోలెడున్నాయి. ఎవరిని అడగకూడదో చెప్పేవి తక్కువ.

ఎరువుల కొట్టు తీసుకోండి. మన వైపు కంది, మిర్చి, పత్తి, శనగ వేసే రైతు విత్తనం, మందు ఎక్కువగా ఖాతా మీదే తీసుకెళతాడు. వాన పడితే తీరుస్తాడు, పడకపోతే వడ్డీతో మరుసటి ఏడు. ఖాతా పుస్తకంలో సంతకం పెట్టి మందు డబ్బా చంకన పెట్టుకున్న మనిషి ముందు "ధర్మానికి ఏమైనా ఇస్తారా" అని పెట్టె జరపడం ఎంత మర్యాదగా అన్నా వెక్కిరింతే. కొట్టు యజమానితో అతనికి పని ఉంది. వచ్చే వారం మళ్లీ అప్పు అడగాలి. వద్దని ఎలా అంటాడు? అప్పిచ్చేవాడు ధర్మం అడిగితే అది ధర్మం కాదు, రెండో వడ్డీ.

మెడికల్ షాపు మరొకటి. ప్రిస్క్రిప్షన్ కాగితం పట్టుకుని నిలబడ్డ మనిషి ఆ నిమిషంలో భయంలో ఉంటాడు. భయంలో ఉన్నవాడు ఇచ్చేది దేవుడికి లంచం అనుకుని ఇస్తాడు, తన బిడ్డ జ్వరం తగ్గాలని. ఆ భయాన్ని పెట్టెలోకి మళ్లించడం నాకు సమ్మతం కాదు. కావాలంటే మెడికల్ షాపు వాళ్లు తిరగేసి చెయ్యొచ్చు: పెట్టె పెట్టకుండా, మందులు కొనలేక చీటీలో సగం మందులే అడిగేవాళ్లకు మిగతా సగం ఇచ్చే నిధి ఒకటి తామే నడపొచ్చు. కౌంటరు వెనక ఒక చిన్న పుస్తకం చాలు.

పిల్లలను అడగకండి. అమ్మ పంపితే పాల పొట్లానికి వచ్చిన పిల్లవాడు ఇంటికెళ్లి చిల్లర ఏదంటే ఏం చెబుతాడు? నెల మొదటి రోజుల్లో పెన్షన్ డబ్బు పట్టుకుని వచ్చే ముసలివాళ్లను అడగకండి. ఆ డబ్బే వాళ్ల నెల. గుంటూరు వైపు మిర్చి కోతలకు వెళ్లి తిరిగొచ్చి, కూలి డబ్బుతో ఏడాది సరుకు కట్టించుకునే కుటుంబాలను అడగకండి. వాళ్లు అడక్కుండానే ఇస్తారు, అదే అసలు ఇబ్బంది. మన వైపు లేనివాళ్లే ముందు జేబులో చెయ్యి పెడతారు. ఉన్నవాళ్లు ఫోన్ చూసుకుంటారు.

మిగిలింది ఎవరు? చాలామందే. కానీ ఎవరు అన్నది నిర్ణయించాల్సింది కౌంటర్లో కూర్చున్న మనిషి కాదు. ముఖం చూసి అంచనా వేస్తే తప్పులే ఎక్కువ. అందుకే నోటితో అడగడం కంటే పెట్టె మేలు, పెట్టె కంటే బోర్డు మేలు అంటాను. కావాలనుకున్నవాడు చదువుతాడు. చదవనివాణ్ని ఎవరూ గుచ్చి అడగరు.

*అత్త సొమ్ము, అల్లుడి దానం*

మన సామెతల్లో ఈ విషయానికి అచ్చంగా కుట్టినట్టు సరిపోయేది ఒకటుంది: అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు. ఏడాది పొడుగునా కొనేవాళ్ల దగ్గర రూపాయి రూపాయి పోగుచేసి, ఏడాది చివర ఫ్లెక్సీ కట్టి, శాలువా కప్పించుకుని, "మా సంస్థ తరఫున యాభై వేల విరాళం" అని పేపర్లో ఫొటో వేయించుకునే అల్లుళ్లను మీరూ చూసే ఉంటారు. ఆ యాభై వేలలో మీది ఎంత? ఈ ప్రశ్నకు జవాబు లేకపోతే ఫొటోలో నిలబడకండి. ఆ సొమ్ముకు మీ పేరున రసీదు తీసుకుని 80జీ కింద పన్ను మినహాయింపు అడగడం మరీ తప్పు. ఇచ్చింది మీరు కాదు.

అందుకే నా మొదటి షరతు: కొనేవాళ్లను అడిగే ముందు యజమాని వెయ్యాలి, అందరూ చూసేలా వెయ్యాలి. రోజుకు ఇంత అని, లేదా పెట్టెలో పడినదానికి సమానంగా అని. ఒక చిన్న లెక్క చూద్దాం. రోజుకు 200 బిల్లులు అయ్యే కిరాణా అనుకోండి. అందులో 40 మంది తలా రెండు రూపాయలు వేసినా రోజుకు 80, నెలకు 2,400. మీరు అంతే కలిపితే 4,800. ఇది పెద్ద డబ్బు కాదు, కానీ ఎదురుగా ఉన్న సర్కారు బడిలో ఒక పని పూర్తి చెయ్యడానికి సరిపోయే డబ్బు. దూరాన ఎక్కడో ఉన్న పేరు తెలియని సంస్థకు పంపితే అది ఆనవాలు లేకుండా పోతుంది. రెండు వీధుల అవతల ఖర్చయితే జనం వెళ్లి చూస్తారు.

లెక్క ఎలా చూపాలి? మార్కాపురంలో దీనికి వేరే ఊరి సలహా అక్కర్లేదు. రాష్ట్రమంతా పిల్లలు అక్షరాలు దిద్దిన రాతిపలకలు ఇక్కడి క్వారీల నుంచి వెళ్లాయి. ఇప్పుడు పలక పట్టే పిల్లలు తగ్గారు, పలకరాయి గోడలకూ నేలకూ అలంకారంగా మారింది. ఒక పాత పలక తెచ్చి కౌంటరు పక్కన మేకుకు తగిలించండి. మీద బలపంతో మూడు వరసలు: ఈ నెల మీరు వేసింది ఇంత, మేము వేసింది ఇంత, ఇచ్చింది ఎక్కడ, ఎంత. కింద రసీదు జిరాక్స్ అంటించండి. పలక తుడిచేస్తే పోతుంది కాబట్టి పుస్తకంలో కూడా రాసుకోండి. పెట్టె తెరిచేటప్పుడు ఒక్కరే తెరవకండి. పక్క అంగడి ఆయన్నో, వీధిలో ఒక టీచరమ్మనో పిలిచి, వాళ్ల ముందు లెక్కపెట్టి, పుస్తకంలో ఇద్దరూ సంతకాలు పెట్టండి. నెలకొక్క పావుగంట పని.

ఫోన్‌తో చెల్లించేవాళ్ల కోసం ఇంకా మంచి దారి ఉంది. మీ క్యూఆర్ కోడ్ పక్కనే ఆ సంస్థ సొంత క్యూఆర్ కోడ్ పెట్టండి. డబ్బు మీ ఖాతాను తాకకుండా నేరుగా వెళుతుంది, లెక్క మీ నెత్తిన ఉండదు. అయితే ఆ కోడ్ సంస్థ చేతి నుంచే తీసుకోండి, ఒకసారి రూపాయి పంపి ఎవరి పేరు కనపడుతుందో చూడండి, నెలకోసారి మళ్లీ చూడండి. కోడ్ మీద కోడ్ అంటించే ఘనులు అన్ని ఊళ్లలోనూ ఉన్నారు.

సంస్థను ఎంచుకునేటప్పుడు కూడా మొహమాటం పనికిరాదు. పిల్లల ఆశ్రమం అని ఎవరైనా హుండీ తెచ్చి కౌంటరు మీద పెట్టమంటే, 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. పిల్లలను ఉంచుకునే ప్రతి ఆశ్రమానికీ అది తప్పనిసరి. ట్రస్టు పత్రం, బ్యాంకు ఖాతా ఎవరి పేరున ఉంది, చూడండి. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో విచారించుకోవచ్చు. ఒక ఆదివారం వెళ్లి ఆ పిల్లలు తినే అన్నం చూసి రండి. వెళ్లడానికి తీరిక లేకపోతే ఆ హుండీ పెట్టడానికి కూడా మీ కౌంటరు మీద చోటు లేదనే అర్థం.

*వద్దనడం కూడా నేర్చుకోవాలి*

ఇప్పుడు వరసలో నిలబడ్డ మన సంగతి. పెద్ద నగరాల్లో ఈ అడగడం మామూలైపోయింది. కేఎఫ్‌సీలో యాడ్ హోప్ అని ఐదు రూపాయలు అడుగుతారు. బుక్‌మైషోలో సినిమా టిక్కెట్టు కొంటే విరాళం అని ఒక వరస కనపడుతుంది. యాప్‌లలో ఈ వరసలు అడక్కుండానే టిక్కు పెట్టి రావడం పెరిగి, చివరికి కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాలు తెచ్చింది. కొనేవాణ్ని మాయ చేసే 13 రకాల పద్ధతులను అందులో పేర్కొన్నారు. వాటిలో ఒకటి బాస్కెట్ స్నీకింగ్, అంటే మనకు తెలియకుండా బుట్టలో ఏదో జారవిడవడం. మనం ఒప్పుకోకుండా విరాళం కలపడం కూడా దాని కిందికే వస్తుందని అందులో విడమరిచి రాశారు. ఇంకొకటి, వద్దంటే సిగ్గుపడేలా మాట కట్టి ఒప్పించడం. ఈ నియమాలు రాసింది యాప్‌లకూ వెబ్‌సైట్లకూ. కంభంలో కిరాణా కొట్టుకు ఆ కాగితం రాకపోవచ్చు, న్యాయం మాత్రం అక్కడా అదే. మీ బిల్లులో మీరు ఒప్పుకోని విరాళం ఉంటే తీసెయ్యమని అడగండి. తీయకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.

కానీ చాలాసార్లు సమస్య బిల్లు కాదు, మన నోరు. వద్దనడానికి మనకు కారణం కావాలి. "చిల్లర లేదు", "ఇందాకే ఇచ్చాను", "మావారు తిడతారు". అబద్ధాలు అక్కర్లేదు. "ఇవాళ వద్దులే అమ్మా" అంటే చాలు. కారణం చెప్పకండి. కారణం చెబితే అది వాదనకు దారి తీస్తుంది, వాదిస్తే ఓడిపోతాం, ఓడిపోయి ఇచ్చి, ఇంటిదాకా గొణుక్కుంటాం. ఆ కుర్రాడి మీద విసుక్కోకండి కూడా. అడగమని చెప్పింది పైనున్నవాళ్లు, పాపం వాడు కాదు.

ఇవ్వాలనుంటే ముందే ఇంట్లో అనుకోండి. నెలకు ఇంత, ఫలానా పనికి అని. మా ఇంట్లో ఒక పాత హార్లిక్స్ సీసా ఉంది. నెల మొదట అందులో వేస్తాం; వేసవిలో అది వీధి చివర చలివేంద్రంలో మజ్జిగకు వెళుతుంది. కౌంటరు దగ్గర ఎవరైనా అడిగితే ఆ సీసా గుర్తొస్తుంది, "వద్దులే అమ్మా" అన్న మాట తడబడకుండా వస్తుంది.

ఈ వారం చెయ్యాల్సింది చెబుతాను. అంగడి ఉన్నవాళ్లు కౌంటరు మీది పెట్టెను రెండడుగులు పక్కకు జరపండి, చిల్లర ఇచ్చే చేతికి అందనంత దూరం. లోపల ఎంత ఉందో ఇంకొకరి ముందు లెక్కపెట్టండి. పక్కన పలక తగిలించి మొదటి వరసలో ముందు మీరు వేసింది రాయండి. కౌంటర్లో కూర్చునే పిల్లలను పిలిచి, ఇకపై ఎవరు ఎంత తెచ్చారన్న లెక్క ఉండదని చెప్పండి. తర్లుపాడు ఆటో ఎక్కే పెద్దమ్మ ఈసారి వస్తే ఆమె పదమూడు రూపాయలు ఆమె చేతిలో పెట్టి పంపండి.